కరెంటు పోయి వచ్చాక స్మార్ట్‌డీ తనంతట తాను లేవడం లేదు

ప్రశ్న (పెరంబూరు, చెన్నై)

అందరికీ నమస్కారం. మా ఫొటో స్టూడియోలో ఒక పాత కంప్యూటరు మీద ఫ్రీబీఎస్‌డీ 14 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, రెండు హార్డ్ డిస్కులను జడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్‌గా (ఒకదాని నకలు రెండోదానిలో ఉండేలా) పెట్టి, పెళ్ళి ఫొటోలన్నీ అందులో దాచుకుంటున్నాను. డిస్కుల మీద కన్నేసి ఉంచడానికి స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేశాను. అందులో డిస్కులను ఎప్పటికప్పుడు పరీక్షించి, తేడా వస్తే మెయిల్ పంపే స్మార్ట్‌డీ అనే ప్రోగ్రామును సర్వీస్ కమాండుతో స్టార్ట్ చేయబోతే మొరాయించింది. తెర మీద వచ్చిన సూచన చూసి ‘వన్‌స్టార్ట్’ అని ఇస్తే నడిచింది. కాన్ఫిగ్ ఫైలు చివర నా మెయిల్ చిరునామాతో ఒక వరుస కూడా రాసుకున్నాను. మొన్న కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేశాక, కంప్యూటరు లేచింది గాని స్మార్ట్‌డీ లేవలేదు. నాలుగు రోజులకు ఒక డిస్కు టిక్కుటిక్కుమంటుంటే చేత్తో పరీక్షించాను. 197వ అంశం, అంటే చదవడానికి వీలుకాక పెండింగులో పడ్డ సెక్టర్ల లెక్క, 16 చూపించింది. స్మార్ట్‌డీ నడిచిన రోజుల్లో సైతం ఒక్క మెయిలూ రాలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు (అంబత్తూరు)

ఇక్కడ రెండు పొరపాట్లు కలిసిపోయాయండీ. ‘వన్‌స్టార్ట్’ అంటే ఈ ఒక్కసారికి నడుపు అని మాత్రమే అర్థం. బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్ సర్వీసు స్క్రిప్టులను వాటి పరస్పర అవసరాలను బట్టి వరుసలో పెట్టుకుంటుంది గాని, ఆర్‌సీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో ‘ఎస్’ (YES) అని లేనివాటిని కిమ్మనకుండా దాటిపోతుంది. ఆ ఫైలును మార్చే సిస్‌ఆర్‌సీ కమాండుతో స్మార్ట్‌డీ ఎనేబుల్‌కు ‘ఎస్’ రాయండి.

రెండోది ఇంకా చిత్రమైనది. నమూనా కాన్ఫిగ్ ఫైల్లో, డిస్కులను నువ్వే వెతుక్కో అని చెప్పే ‘డివైస్‌స్కాన్’ అనే వరుస ముందే ఉంటుంది. దాని కింద ఏం రాసినా స్మార్ట్‌డీ పట్టించుకోదు. మీ చిరునామా ఫైల్లో ఉన్నా దాని దృష్టిలో లేనట్టే. నేనూ ఒకప్పుడు ఇదే గోతిలో ఒక పూటంతా గడిపాను. ఆ వరుసలోనే ‘మైనస్ ఏ’ (అన్నీ పరిశీలించు అని), ‘మైనస్ చిన్న ఎం’ పక్కన చిరునామా, చివర ‘మైనస్ పెద్ద ఎం టెస్ట్’ చేర్చి రీస్టార్ట్ చేస్తే, వెంటనే పరీక్ష మెయిల్ రావాలి. అది వచ్చేదాకా కాపలా ఉందని అనుకోకండి.

జవాబు (వేళచ్చేరి)

పై సలహాకు ఒక చేర్పు. ఫ్రీబీఎస్‌డీ 14లో మెయిల్ పంపే పనికి సెండ్‌మెయిల్ స్థానంలో డీఎంఏ అనే ప్రోగ్రాము వచ్చింది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి నేరుగా వెళ్ళే మెయిళ్ళను పెద్ద మెయిల్ సంస్థలు చాలావరకు తిప్పికొడతాయి కాబట్టి, డీఎంఏ.కాన్ఫ్‌లో స్మార్ట్‌హోస్ట్ (మన తరఫున మెయిల్ పంపే సర్వరు), 587 పోర్టు, స్టార్ట్‌టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్), పాస్‌వర్డు ఫైలు చూపించండి. బ్యాకప్ కోసం యూఎస్‌బీ డిస్కు వాడుతూ, దాని పేరు విడిగా కాన్ఫిగ్‌లో రాస్తే, ‘మైనస్ డీ రిమూవబుల్’ తప్పక చేర్చండి. లేకుంటే ఆ డిస్కు తగిలించని రోజున స్మార్ట్‌డీ మొదట్లోనే ఆగిపోతుంది, లోపలి డిస్కులకూ కాపలా ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. స్మార్ట్‌హోస్ట్ పెట్టాక డిస్కుకు ఒకటి చొప్పున రెండు పరీక్ష మెయిళ్ళు వచ్చాయి. రిచీ స్ట్రీట్‌లో కొత్త డిస్కు కొని, పాత డిస్కు స్థానంలో పెట్టి జడ్‌పూల్ రీప్లేస్ కమాండు ఇచ్చాను, ఫొటోలన్నీ దక్కాయి. తరవాత కావాలనే రీబూట్ చేసి, కీబోర్డు ముట్టుకోకుండా కూర్చున్నాను. ఫోనులో మళ్ళీ రెండు మెయిళ్ళు పడ్డాకే ఆ ‘టెస్ట్’ మాట తీసేశాను.