ఫ్యాన్ వేక్ బ్రాడ్‌బ్యాండ్ నాయిస్: 5 కిలోహెర్ట్జ్ దాటాక లెక్క తక్కువ వస్తోంది

విజయనగరంలో ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నాను: విమాన ఇంజిన్ ఫ్యాన్ బ్లేడ్ల వెనక ఏర్పడే అల్లకల్లోల ప్రవాహం (వేక్) వెనకున్న తిరగని రెక్కలకు (స్టేటర్ వేన్లు) తగిలి పుట్టే బ్రాడ్‌బ్యాండ్ శబ్దాన్ని, అంటే అనేక ఫ్రీక్వెన్సీల్లో పరుచుకున్న శబ్దాన్ని లెక్కించాలి. మూడు వారాలుగా ఒక్కచోటే ఆగిపోయాను. నాసా ఎస్‌డీటీ (సోర్స్ డయాగ్నొస్టిక్ టెస్ట్) ఫ్యాన్ తీసుకున్నాను: 22 బ్లేడ్లు, వెనక 54 స్టేటర్ వేన్లు, అప్రోచ్ స్పీడ్ 7808 ఆర్పీఎం. కే-ఒమేగా ఎస్‌ఎస్‌టీ అనే టర్బులెన్స్ మోడల్‌తో ర్యాన్స్ (సగటు ప్రవాహాన్ని లెక్కించే పద్ధతి) రన్ చేసి, వేన్ల ముందు అంచు దగ్గర కే (టర్బులెన్స్ శక్తి), ఒమేగా (అది తగ్గిపోయే వేగం) విలువలను చుట్టూ సగటు చేసి, హబ్ నుంచి టిప్ దాకా 20 స్ట్రిప్పులుగా విడగొట్టి టర్బులెన్స్ రెక్కకు తగిలితే వచ్చే శబ్దాన్ని లెక్కించే అమియెట్ మోడల్‌కి ఇస్తున్నాను, టర్బులెన్స్ స్పెక్ట్రమ్ ఫాన్ కార్మాన్‌ది. బ్లేడ్ పాసింగ్ టోన్లు (బ్లేడ్లు తిరిగే లయలో వచ్చే స్థిర స్వరాలు) తీసేసి పోలిస్తే 2 కిలోహెర్ట్జ్ వరకు కొలిచిన విలువలతో బాగానే కలుస్తోంది, 5 దాటాక 5-6 డెసిబెల్స్ తక్కువ.

వేక్‌లో మెష్ రెట్టింపు చేశాను, స్ట్రిప్పులు 40కి పెంచాను, అర డెసిబెల్ కూడా మారలేదు. లెంగ్త్ స్కేల్ (టర్బులెన్స్‌లోని సుడుల సైజు) సగం చేస్తే పైన దాదాపు 2 డెసిబెల్స్ పెరిగింది కానీ కింద కుదిరింది కాస్తా చెడింది. అలా అంకె సర్ది గ్రాఫ్ కలపడం నాకు ఇష్టం లేదు, కారణం తెలియాలి. ల్యాబ్‌లో ఉన్నది ఒక్క వర్క్‌స్టేషనే, పెద్ద సుడులను నేరుగా లెక్కించే ఎల్‌ఈఎస్ దాని మీద కుదరదు.

ప్రస్తుతం లెంగ్త్ స్కేల్ కోసం కే వర్గమూలాన్ని 0.09 రెట్ల ఒమేగాతో భాగించి 0.4తో గుణిస్తున్నాను. ఇలాంటి లెక్క చేసినవాళ్లు దయచేసి చెప్పండి: ఇదే ఉంచాలా, లేక ప్రతి స్ట్రిప్‌లో వేక్ వెడల్పు నుంచి తీయాలా?