నోవహు కథలో అద్దం అమరిక నిజంగా ఉందా, మనం గీసుకున్నదా?

పాతనిబంధన_విద్యార్థి:
అందరికీ వందనాలు. నోవహు జలప్రళయం కథ ఉన్న ఆదికాండము (బైబిల్ మొదటి పుస్తకం) 7, 8 అధ్యాయాల్లో రోజుల లెక్క వరసగా రాసి చూడండి. 7, 7, 40, 150. ఆ తర్వాత 150, 40, 7, 7. ఎక్కిన మెట్లే దిగినట్టు. నడిమధ్యన 8:1 (8వ అధ్యాయం 1వ వచనం), దేవుడు నోవహును "జ్ఞాపకము చేసికొనెను". నీళ్లు తగ్గడం అక్కడే మొదలు. దీన్నే కయాజం అంటారు. బైబిల్ పండితుడు గోర్డన్ వెన్‌హామ్ 1978లో ఇది చూపించి, రెండు మూలాల (వేర్వేరు పాత రాతల) అతుకులా కంటే ఒకే కథగా చదవడమే సబబని వాదించారు.

ఆలెఫ్_బేత్:
బ్రదర్, 7:4లో ఏడు రోజులూ 7:10లో ఏడు రోజులూ ఒకే వారం. ముందు దేవుడు చెప్పాడు, తర్వాత అవి గడిచాయి. 8వ అధ్యాయంలో నోవహు పావురాన్ని పంపిన దగ్గర మాత్రం రెండూ వేర్వేరు వారాలు. 150 కూడా ఒక్కటే, రెండో నెల 17 నుంచి ఏడో నెల 17 దాకా. ఒకే వారాన్ని రెండుసార్లు ఎలా వేస్తారు?

పాతనిబంధన_విద్యార్థి:
నేను క్యాలెండర్ లెక్క చెప్పట్లేదు. వినేవాడి చెవిన "ఏడు" రెండుసార్లు పడిందా, లేదా?

ఆలెఫ్_బేత్:
"నలభై" అన్నమాట అయితే మూడుసార్లు పడింది. 7:4, 7:12, 7:17. మీ చార్టులో ఎక్కేవైపు ఒక్కటే ఉంది. మిగతా రెండూ ఏవి?

సండేస్కూల్_టీచర్:
పిల్లలకి బోర్డు మీద మెట్లలా గీస్తే ఇట్టే పట్టేశారు. నాకది చాలు.

ఆలెఫ్_బేత్:
గుర్తుండటం వేరు, రాసినవాడి ఉద్దేశం వేరు సిస్టర్. 119వ కీర్తన చూడండి. 22 హీబ్రూ అక్షరాలు, ఒక్కో అక్షరంతో మొదలయ్యే 8 వచనాలు, మొత్తం 176. అది ఎవరు లెక్కపెట్టినా అంతే వస్తుంది.

పాతనిబంధన_విద్యార్థి:
మా సార్ కూడా ఇలాగే మాట్లాడేవారు. నా పేపర్లో ఈ చార్టు చూసి, క్లాసందరి ముందూ "నీకిష్టమైన అంకెలు ఏరుకున్నావు" అని సగం మార్కులు కోశారు. మీదీ అదే ధోరణి.

ఆలెఫ్_బేత్:
నాది ధోరణి కాదు, బాధ. మా నాన్న పోయాక ఆదరణ కూడికలో ఒక అయ్యగారు వాక్యం చెబుతానని ముప్పావు గంట ఈ అంకెలే చెప్పారు. ఇంటికొచ్చాక అమ్మ "ఆయనేం చెప్పారురా?" అని అడిగింది. 8:1 ఒక్కటి చదివి కూర్చున్నా ఆమెకి చాలేది.

కొత్త_సభ్యుడు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

పాతనిబంధన_విద్యార్థి:
మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు, క్షమించండి. నాకీ చార్టు మార్కుల కోసం కాదు. మొదటి ఏడాది క్లాసులో, ఓడలోకి జంతువులు 6:19లో రెండేసి, 7:2లో పవిత్ర జంతువులు ఏడేసి అని చూపించి, ఇది రెండు కథల ముక్కలన్నారు. ఆరు నెలలు బైబిల్ తెరవలేకపోయాను. ఈ వరస కనపడ్డాకే మళ్లీ తెరిచాను. ఇదీ పోతే నాకేం మిగులుతుంది?

ఆలెఫ్_బేత్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది బ్రదర్, ఇంతసేపూ వారాల మీద కొట్టుకున్నాం. అమరిక ఉన్నంత మాత్రాన రాసింది ఒక్కడే అని తేలదు. పాతచీరలు కలిపి బొంత కుట్టే మనిషికీ మధ్యలో ఏ ముక్క రావాలో తెలుసు. "జ్ఞాపకము చేసికొనెను" అన్నమాటకి మీ మెట్లు ఆసరా అక్కర్లేదు.

పాతనిబంధన_విద్యార్థి:
బొంత సంగతి ఒప్పుకోను. 7:12 దగ్గర నా చార్టులో ఖాళీ ఉన్నమాట నిజం. ఈ రాత్రి మళ్లీ కూర్చుని చూస్తాను.