‘పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట’: ఇందులో కుదరడమంటే?

హనుమకొండలో బంధువుల ఇంట పెళ్లి. నేను గరిటె పట్టుకుని వడ్డనకు దిగబోతుంటే పెద్దమ్మ ఆపింది. “నీకెందుకమ్మా శ్రమ, కూర్చో.” “ఇప్పుడు బాగానే ఉన్నాను పెద్దమ్మా” అన్నాను. పక్కనున్న ఒకాయన పై సామెత విసిరాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నాకు సైకోసిస్ ఉంది, అంటే లేని గొంతులు వినిపించే, లేనివి నిజమని నమ్మించే మానసిక జబ్బు. ఆరేళ్లుగా మందులు వాడుతున్నాను, ఎవరడిగినా చెబుతాను. ‘పిచ్చి’ అన్న మాట నన్ను అంతగా బాధించదు. మా అమ్మ ముద్దుగా ‘పిచ్చి తల్లీ’ అంటుంది కదా! ఈ సామెత వేరు. తగ్గిందని చెప్పుకున్న నోటితోనే తగ్గలేదని ఒప్పిస్తుంది. ఇక తగ్గినవాళ్లు ఆ సంగతి ఏ మాటల్లో చెప్పుకోవాలి? జబ్బు ‘కుదరడం’ అన్న వాడుక ఎలా వచ్చిందో తెలిసినవారు చెప్పండి.

జనగామ నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:
అమ్మా, అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లకుండా కింద పెట్టే గడ్డి చుట్ట కుదురు. చెట్టు పాదూ కుదురే. కుదరడం ఆ ఇంటి మాటే. జబ్బు కుదిరిందని పెద్దలు మామూలుగా అనేవారు. ఇప్పుడు ‘నీ రోగం కుదురుస్తాను’ అన్న బెదిరింపులోనే ఎక్కువగా వినిపిస్తోంది, పాపం. ఆ సామెతను నేను తరగతిలో ఎన్నోసార్లు వాడాను. ఇక నోరు రాదు.

కాజీపేట నుంచి ఒక విద్యార్థి:
అక్కా, ఏమీ అనుకోకండి. జబ్బు ముదిరినప్పుడు అది జబ్బన్న గ్రహింపు చాలామందికి ఉండదు. సామెత పుట్టింది అందుకేనేమో. సైకోసిస్‌లో ఒక రకమైన స్కిజోఫ్రీనియాకు ‘మనసు చీలిన జబ్బు’ అనే అర్థమున్న పాత పేరును జపాన్‌లో 2002లో మార్చారు. దక్షిణ కొరియాలో 2011లో తీగలను శ్రుతి చేయడాన్ని గుర్తుచేసే పేరు పెట్టుకున్నారు. మనకూ ‘శ్రుతి తప్పడం’ ఉంది కదా?

మళ్లీ నేను:
తమ్ముడూ, గ్రహింపు సంగతి నిజమే. మొదటి ఏడాది గోడ అవతల ఎవరో నా గురించే మాట్లాడుకుంటున్నారని నమ్మాను. ఇంట్లోవాళ్లు ఐనవోలు మల్లన్న జాతరకు తీసుకెళ్లి, దేవుడు పూనే శివసత్తులను చూపించి, నీకూ ఇదే అన్నారు. డోలు ఆగాక వాళ్ల పూనకం దిగింది. నాకు వినిపించే గొంతులు బస్సులో కూడా నాతోనే వచ్చాయి. ‘శ్రుతి తప్పడం’ అందమైన మాటే, కానీ ఆ గొంతులు అపశ్రుతి ఒక్కటీ లేకుండా ఎంత స్పష్టంగా పలికేవో వినని వాళ్లకు తెలియదు.

నేను కుదురునే తీసుకుంటాను సార్. కుండకు చిల్లేమీ లేదు, అడుగు గుండ్రం, అంతే. రాత్రి మాత్ర, వేళకు నిద్ర, నెలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్లిరావడం నా గడ్డి చుట్ట. వచ్చే నెలలో ఇంకో పెళ్లి ఉంది. పెద్దమ్మ అడిగితే ‘కుదురుగా ఉన్నాను’ అంటాను. గరిటె మాత్రం వదలను.