ఎనిమిదేళ్లు కదలని 1984 అంబాసిడర్: స్టార్ట్ చేసే ముందు ఏం చూడాలి?

పాతబండి_ఖమ్మం
మార్క్ 4, పెట్రోలు, 1489 సీసీ. ఎనిమిదేళ్లుగా షెడ్డులోనే ఉంది. ట్యాంకులో పాత పెట్రోలు అలాగే ఉండి కంపు కొడుతోంది. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేద్దామంటున్నాడు మెకానిక్. కొట్టొచ్చా? ఇప్పటి ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) దీనికి పడుతుందా?

రాకర్‌కవర్
అస్సలు కొట్టనివ్వకండి. పిస్టన్ రింగులు బోరుకు (పిస్టన్ ఆడే సిలిండరుకు) తుప్పుతో అంటుకుని ఉంటే విరుగుతాయి. ప్లగ్గులు తీసి ఒక్కో బోరులో రెండు టీస్పూన్ల ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి, ముందు నుంచి ఇంజిన్‌ను చేత్తో తిప్పే హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. కదలకపోతే బలం చూపించొద్దు, ఇంకాస్త ఆయిల్ పోసి ఆగండి.

తిరిగాక ఇంజిన్ పైన వాల్వులను కప్పి ఉంచే రాకర్ కవర్ విప్పండి. ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే ఎనిమిది వాల్వులూ ఆడుతున్నాయో లేదో చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే. గైడులో (వాల్వు జారే గొట్టంలో) ఒక్క వాల్వు పట్టేసినా సెల్ఫ్ దెబ్బకు దాన్ని ఆడించే పుష్‌రాడ్ వంగుతుంది. అన్నీ ఆడితే కొత్త ఫిల్టరు, 20డబ్ల్యూ-50 ఆయిల్ వేసి, ప్లగ్గులు లేకుండానే పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ ప్రెషర్ వచ్చాకే ప్లగ్గులు బిగించేది. ప్లగ్ గ్యాప్ 0.6 మి.మీ., డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ 0.38 మి.మీ.

ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉంచే గ్యాప్, కూడా 0.38. ఏ వాల్వు ఎప్పుడు సరిచేయాలన్న లెక్క సులువు, రెండు వాల్వుల నంబర్లూ కలిపితే 9 రావాలి: 8వ వాల్వు పూర్తిగా దిగినప్పుడు 1వది సరిచేయాలి, 7వది దిగినప్పుడు 2వది, అలా.

డీజిల్‌డబ్బా
పట్టేసిన ఇంజిన్‌కు ఉత్త ఇంజిన్ ఆయిల్ కన్నా డీజిలు, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) సగం సగం కలిపి పోస్తే త్వరగా దిగుతుంది. మిగతాదంతా పైన చెప్పినట్టే.

పెట్రోలు సంగతి. ట్యాంకు దించి కడిగేదాకా ఆ లైను వాడొద్దు. లీటరు డబ్బా ఎత్తున కట్టి, పంపుకు విడిగా పైపు వేసి స్టార్ట్ చేయండి. పంపు లోపలి పొర, డయాఫ్రమ్, ఎండి చీలితే పెట్రోలు నేరుగా సంపులోకి (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోలు వాసనొచ్చినా, మట్టం పెరిగినా వెంటనే ఆపేసి, పంపు కిట్టు వేసి, ఆయిల్ మళ్లీ మార్చాలి.

ఈ20 పోస్తే ఇంజిన్ నడుస్తుంది, దెబ్బ తినేది పాత రబ్బరు. హోసులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి. ట్యాంకు గోడల జిగురునూ అది ఊడదీస్తుంది కాబట్టి మొదటి 200 కిలోమీటర్లలో ఫిల్టరు ఒకటికి రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. నెలల తరబడి ఆపేటప్పుడు కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి.

పాతబండి_ఖమ్మం
హ్యాండిల్‌కు తిరిగింది, వాల్వులన్నీ ఆడుతున్నాయి! కానీ క్లచ్ తొక్కి ఉంచి, టాప్ గేరులో బండి తోస్తే ఇంజిన్ కూడా తిరుగుతోంది.

రాకర్‌కవర్
ముందు క్లచ్ లింకేజీలో అడ్జస్ట్‌మెంట్ చూడండి. అది బాగుంటే క్లచ్ ప్లేటు ఇంజిన్ వెనక చక్రానికి, ఫ్లైవీలుకు, అంటుకుంది. గేర్‌బాక్సు దించక్కర్లేదు, ముందు బ్రేకులు సిద్ధం చేయండి: వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు, హోసులు, కొత్త డాట్ 3 ఆయిల్. ఆ తర్వాత వెనక చక్రాలు స్టాండ్ల మీద లేపి, ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, ఇంజిన్ వేడెక్కాక ఆపండి. టాప్ గేరులో పెట్టి మళ్లీ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచి బ్రేకు ఠక్కున కొట్టండి. నాలుగైదుసార్లకు ఊడుతుంది. బండి ముందు మాత్రం ఎవర్నీ నిలబడనివ్వొద్దు.