ముఖాల దగ్గరికి వచ్చేసరికి చేయి ఆడటం లేదు. ఇది దాటినవాళ్లు ఉన్నారా?

కొత్తవాడ అమ్మాయి:
హనుమకొండలో పిల్లలకు బొమ్మలు నేర్పుతాను, మిగిలిన వేళల్లో సొంతంగా వేసుకుంటాను. మిత్రులం కలిసి చిన్న ప్రదర్శన పెట్టుకుంటున్నాం. దాని కోసం పెద్ద కాన్వాసు ఒకటి మొదలుపెట్టాను. విషయం మా ఇంటిదే, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే గుంటమగ్గాలు. మగ్గం కుదిరింది, పడుగు కుదిరింది, గుంటలోకి దిగిన కాళ్లూ కుదిరాయి. ముఖాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. రోజూ దాని ముందు కూర్చోవడం, కుంచెలు కడిగి లేవడం, ఇదే పని. ఫోను తీస్తే తోటివాళ్లు పూటకొక బొమ్మ పెడుతుంటారు. అవి చూశాక రంగు కలపబుద్ధి కాదు. అసలు నాకు విద్య వచ్చా, లేక ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్ల ముద్దు మాటలు నమ్మానా అని అనుమానం. 'నువ్వు చేయగలవు' లాంటి మాటలు దయచేసి వద్దు. మీరేం చేశారో చెప్పండి.

చౌరస్తా పెయింటర్:
అమ్మా, నేను బోర్డులు రాసి బతికినవాణ్ని. మీరు తలుపు వేసుకుని భయపడతారు, మాకు ఆ సౌకర్యం కూడా లేదు. నిచ్చెన కింద జనం నిలబడి 'వత్తు వంకర పోయింది' అంటుంటే రాయాలి. కొత్తలో మణికట్టు వణికేది. మా గురువు వణుకు మానమని ఎప్పుడూ అనలేదు. ఎడమ చేతికి ఒక సన్నని కర్ర ఇచ్చాడు. దాని కొసకు గుడ్డ ఉండ చుట్టి ఉంటుంది. ఉండను గోడకు ఆనించి, కర్ర మీద కుడి మణికట్టు మోపితే, చేయి వణికినా గీత వణకదు. కొన్నేళ్లకు వణుకు పోయింది. ఎప్పుడు పోయిందో గమనించలేదు. కర్ర మాత్రం ఇప్పటికీ వాడతాను.

తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఆ భయం వేరు. చేతిలో పని ఉంది, చేయించుకునేవాడు లేడు. ఇప్పుడు బడి గోడల మీద బొమ్మలు వేస్తున్నాను. అదొక పెద్ద కథ, ఇక్కడ వద్దులెండి.

కరీంనగర్ గీతలు:
అక్కా, చిత్రకారుడు తోట వైకుంఠం గారిని తలుచుకోండి. 1942లో మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో, తరువాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. అంత చదివీ చివరికి ఆయనకు పేరు తెచ్చింది మన పల్లె ఆడవాళ్లే. పెద్ద బొట్టు, నిండు ఎరుపు చీర. మీరూ మీ ఇంటి మగ్గాన్నే పట్టుకున్నారు. దారి సరిగానే ఉంది.

అద్దె ఇల్లు:
గెలిచినవాళ్ల జీవితం వెనక్కి చదివితే అన్నీ సరైన మలుపులుగానే కనిపిస్తాయి తమ్ముడూ. అదే దారిన వెళ్లి ఎవరికీ తెలియకుండా పోయినవాళ్లూ ఉంటారు. వాళ్ల గురించి ఎవరు రాస్తారు? నేను రాయి చెక్కుతాను, పొద్దంతా ఉద్యోగమూ చేస్తాను. 'భయాన్ని జయించి ఉద్యోగం వదిలెయ్' అని సలహా ఇచ్చినవారిలో ఒక్కరూ నా అద్దె కట్టలేదు. మనం అనుమానం అనుకునే దానిలో చాలా భాగం డబ్బు చింతే. జీతం వస్తున్నంత కాలం రాయి పగిలినా నాకు నిద్ర పడుతుంది. ఆ అమ్మాయికి పిల్లల క్లాసులు ఉన్నాయి కదా, వాటిని చిన్నచూపు చూడవద్దని నా మాట.

కరీంనగర్ గీతలు:
ఒప్పుకుంటాను అన్నా. కానీ ఆమె అడిగింది ముఖాల గురించి, అద్దె గురించి కాదు.

నకాషి కుంచె:
ముఖాల గురించి నేను చెబుతాను. నేను చేర్యాల పటాలు, అంటే కథను బొమ్మల్లో చెప్పే బట్ట చుట్టలు, వేయడం నేర్చుకుంటున్నాను. మా దగ్గర 'ముఖం వేయడం' అని ఒక్క పని ఉండదు, దాన్ని ముక్కలు చేస్తారు. ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూత మీద పూత పూస్తాం. ఆరాక కుంచెతోనే నేరుగా గీతలు గీస్తాం. వెనక భాగమంతా ఎరుపు నింపుతాం. ఆ తరువాత పటంలో ఉన్న మనుషులందరికీ ఒకేసారి ఒంటి రంగు. దేవుడైనా బంటైనా ఆ పూట అందరూ కళ్లూ ముక్కూ లేని వాళ్లే. బట్టలు, నగలు అయ్యాక చిట్టచివర నల్లగీత. కళ్లు తెరుచుకునేది అప్పుడే.

దీనివల్ల నాకు జరిగిన మేలు ఏమిటంటే, 'ఇది బాగా వస్తుందా' అని నన్ను నేను అడిగే సందు దొరకదు. ఈ పూట పని ఒంటి రంగు, అంతే. ఆ నల్లగీత ముందు మాత్రం నాకింకా గుండె దడదడలాడుతుంది. అప్పుడు పాత బట్ట ముక్క మీద ఉడుత వెంట్రుకల కుంచెతో వరసగా కళ్లే గీసి, చేయి వేడెక్కాక పటం మీదికి వస్తాను. మీరూ ఒక్కో ముఖాన్ని పూర్తి చేయాలని కూర్చోకండి. అన్నిటికీ ఒకేసారి రంగు పెట్టి వదిలేయండి.

ఇంకో మాట. మీరు కొత్తవాడ అంటే గుర్తొచ్చింది. నేతపని చేసే పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు విప్పి చూపేదీ ఈ పటాలనే. చూసేవాళ్లకు కథ ముందే తెలుసు, తప్పు ఉంటే అక్కడికక్కడే పట్టేస్తారు. ఫోనులో లైకులు కొట్టేవాళ్ల కంటే అలాంటి చూపు కష్టం, కానీ పనికొస్తుంది.

మట్టెవాడ నాటకం:
ఆ చివరి మాటకు నా ఓటు. నేను నాటకాలు వేస్తాను. నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన పేటలోనే పెరిగాను కాబట్టి, చిన్నప్పుడు నోరు విప్పిన ప్రతివాణ్నీ ఆయనతో పోల్చేవాళ్లు. ఆయనేమో ప్రపంచం మెచ్చిన మిమిక్రీ విద్వాంసుడు, మేమేమో బడి వార్షికోత్సవం సరుకు! ఊరందరినీ ఒకేసారి మెప్పించాలనుకుంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. అందుకే ప్రదర్శనకు ముందు, మొహమాటపడని ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి వేసి చూపిస్తాం. 'బాగుందా' అని అడగం, 'ఎక్కడ విసుగొచ్చింది' అని అడుగుతాం. మొదటిదానికి అందరూ తలూపుతారు. రెండోదానికి పనికొచ్చే జవాబు వస్తుంది.

కొత్తవాడ అమ్మాయి:
కూనపులివారి మాట చదివాక ఒకటి అర్థమైంది. నేను భయపడుతున్నది ప్రదర్శనకు వచ్చేవాళ్లకు కాదు, మా తాతయ్యకు. ఆ ముఖాల్లో ఒకటి ఆయనది. జీవితమంతా మగ్గం మీద గడిపిన మనిషి నా బొమ్మ చూసి పెదవి విరిస్తే ఇక ఎవరు మెచ్చినా నాకు ఒకటే.

చౌరస్తా పెయింటర్:
అయితే ఆయనకే ముందు చూపించు. పూర్తి అయ్యేదాకా ఆగకు.

కొత్తవాడ అమ్మాయి:
ఆదివారం తాతయ్యను తీసుకొచ్చి చూపించాను. ముఖాలకు ఒట్టి ఒంటి రంగు పెట్టి ఉంచాను, నకాషి కుంచె గారు చెప్పినట్టే. ఆయన ముఖాల వైపు చూడనే లేదు. కళ్లద్దాలు పైకి జరిపి మగ్గం దగ్గర వేలు పెట్టారు. "నాడె కుడిచేతిలోకి వచ్చింది కదా, మరి దాని వెనక పేక ఏది? దారం లేకుండా ఏం నేస్తున్నాడు వీడు?" అన్నారు. పేక అనే అడ్డదారాన్ని మోసుకెళ్లేదే నాడె. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెలల తరబడి ముక్కు గురించి, కళ్ల గురించి కుమిలిపోయాను, దారం సంగతే పట్టలేదు. ఆ దారం వేయడానికి కూర్చుని, అదే ఊపులో రెండు ముఖాలు పూర్తి చేశాను. ఒకటి పరవాలేదు. రెండోది నాకు నచ్చలేదు, అయినా చెరపలేదు. తాతయ్యది ఇంకా మిగిలే ఉంది.

మట్టెవాడ నాటకం:
నచ్చని ముఖాన్ని ఇప్పుడే ముట్టుకోకండి, కాన్వాసును గోడవైపు తిప్పి పెట్టి, మూడు రోజుల తరువాత చూడండి. వెంటనే దిద్దితే మంచి భాగం కూడా పోతుంది.

నకాషి కుంచె:
తాతయ్య ముఖం ఆఖరున పెట్టుకోండి. ఈలోగా ఆయన కూర్చుని ఉన్నప్పుడు పెన్సిలుతో చిన్న చిన్న గీతలు గీసి పెట్టుకోండి, ఫోటో చూసి వద్దు.

అద్దె ఇల్లు:
అమ్మాయ్, ముఖాల సంగతి వీళ్లు చూసుకుంటారు. ధర ఎంత అనుకుంటున్నావు? ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకో. ఎవరైనా అడిగినప్పుడు నీళ్లు నమిలితే సగానికి బేరం ఆడతారు. కాన్వాసు, రంగులు, చట్రం ఖర్చు వేరుగా లెక్కవేసి, దాని మీద నీ కూలి వేసుకో. అమ్మే ఉద్దేశం లేకపోతే 'అమ్మకానికి కాదు' అని కింద చీటీ అంటించు, అదీ ముందే.