రావిపూడి వెంకటాద్రి ఎవరు? ఎక్కడ మొదలుపెట్టాలి?

నర్సంపేట పోరడు:
అన్నా, మా వాడకట్టులో ఒకామెకు జ్వరం తగ్గట్లేదని బాణామతి అంటూ పక్కింటి ముసలాయన మీద పడ్డారు. నేను అడ్డం మాట్లాడితే పట్నం చదువులని నవ్వారు. మా సార్ రావిపూడి వెంకటాద్రిని చదవమన్నాడు. ఆయన ప్రొఫెసరా?

హన్మకొండ వకీలు:
కాదు తమ్మీ, పల్లెటూరి మనిషి, హేతువాద రచయిత. 1922లో ఇంకొల్లు దగ్గర నాగండ్లలో పుట్టాడు, తత్వశాస్త్రమంతా సొంతంగా చదువుకున్నదే. మతాన్ని ప్రశ్నించిన కవి, ‘కవిరాజు’ త్రిపురనేని రామస్వామి చౌదరి ప్రభావంతో 1943లో ఊళ్లోనే కవిరాజాశ్రమం పెట్టాడు, పేరుకే ఆశ్రమం, పూజలూ విభూతీ ఏమీ ఉండవు. తర్వాత రాజకీయ తత్వవేత్త ఎం.ఎన్.రాయ్ నవ్యమానవవాదం వైపు వచ్చాడు. దేవుడూ జాతీ పార్టీ కాదు, మనిషి స్వేచ్ఛే కొలత, నీతికి కూడా మతం అక్కర్లేదు, హేతువు చాలు అనే వాదం అది.

పరకాల:
నాకైతే ఇదంతా కాదు, ఈ నాస్తికుడిని ఆ ఊరు దాదాపు 40 ఏళ్లు సర్పంచ్‌గా ఉంచుకుంది చూడండి, అది నచ్చింది. ఓట్లేసినోళ్లలో గుడికి పోయేవాళ్లే ఎక్కువ కదా! మోరీలు, రోడ్ల పని చేసేవాడు దేవుణ్ణి నమ్ముతాడా లేదా అని జనం అంతగా పట్టించుకోరు.

హన్మకొండ వకీలు:
నిజమే. 2023 జనవరిలో పోయాడు, నూరేళ్లు దాటాక. ఆయన నడిపిన ‘హేతువాది’ మాసపత్రిక పాత సంచికలతో మొదలుపెట్టు, పుస్తకాలు కొంచెం బరువు.

పరకాల:
తమ్మీ, చదువుడు తర్వాత. ముందు ఆమెకు రక్తపరీక్ష చేయించండి, డెంగీ కావచ్చు. ఆ ముసలాయన మీద మళ్లీ ఎవరైనా చెయ్యెత్తితే 100కి ఫోన్ కొట్టు.