లెక్క తేలకపోతే కాణిపాకమేనా?

మంగళం_రోడ్డు:
తిరుపతిలో మాది 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఏడాదిగా ట్రెజరర్‌గా ఉన్నది ఒక రిటైర్డ్ ఉద్యోగి. లిఫ్ట్ రిపేరుకు, బోరు మోటారుకు కలిపి 1,12,000 ఖర్చు రాశారు. అందులో 41 వేలకు బిల్లుల్లేవు. అడిగితే "ఖర్చు పెట్టాను, కాగితాలు యాడో పోయినాయి" అంటున్నారు. ఆదివారం మీటింగ్‌లో మాటా మాటా పెరిగింది. ఒకరు లేచి "కాణిపాకం పోయి ప్రమాణం చెయ్యండి, నమ్ముతాం" అన్నారు. ఆయన "పదండి, ఇప్పుడే" అని లేచారు. వాళ్ల ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మళ్లీ ఆయన నోరు మెదపలేదు.
ఇంటికొచ్చాక మా అమ్మాయి (ఇంటర్ సెకండియర్) అడిగింది, "నాన్నా, లెక్క తెలియకపోతే ఆడిటర్ దగ్గరికి పోతారు గానీ దేవుడి దగ్గరికి పోతారా?" నాకు జవాబు తోచలేదు. మన తాతలకు ఏది తప్పో ఏది ఒప్పో చెప్పడానికి ఊళ్లో పెద్దమనుషులు, గుడి, పురాణం ఉండేవి. ఇప్పుడు మనం ఎవర్ని అడుగుతున్నాం? చట్టాన్నా, గుడినా, యూట్యూబ్ ప్రవచనాన్నా? అందరూ చెప్పండి.

బోరింగు_నీళ్లు:
ఫోన్‌పే హిస్టరీ తియ్యమనండి సార్. అయిపోయింది.

బెల్లం_మండీ:
పాపకు నేను చెప్తాను జవాబు. చిత్తూరు బెల్లం మండీలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను. మా దగ్గర లెక్కలన్నీ నోటిమాట మీదే నడిచేవి. 2009లో ఒక బండి సరుకులో నాలుగు మూటలు తక్కువ వచ్చాయి. లారీ మనిషి తనకు తెలియదన్నాడు. ఆడిటర్‌ను పిలిచి ఏం చెయ్యాలి? మూటలు లెక్కపుస్తకంలో ఉన్నాయి, మండీలో లేవు. "కాణిపాకం పోదాం పా" అన్నాను. సరేనన్నాడు. ఇద్దరం బస్సెక్కినాం. చిత్తూరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, అరగంట కూడా పట్టదు. సగం దూరంలో మనిషికి చెమటలు. గుడి ముందు దిగినాం. కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందుకు పోవాలి కదా, వాడు మెట్లకాడే నిలబడిపోయినాడు. "అన్నా, రెండు మూటలు నేనే దించినా, రెండు మాత్రం నాకు తెలీదు" అన్నాడు. ఆ రెండూ ఇంకొకడు దించినాడని తరువాత తేలింది, అది వేరే కథ.
అదే సమయంలో నా ఇంకో కేసు కోర్టులో పదకొండేళ్లు నడిచింది. ఇప్పుడు చెప్పండి, ఎవర్ని అడగాలి?
మీ ట్రెజరర్ విషయం తేలిపోయిందిలే. తప్పు లేనోడైతే పెళ్లాం చెయ్యి విదిలించుకుని పోయేవాడు.

లాపాయింటు:
చివరి వాక్యం పూర్తిగా తప్పు. ప్రమాణం చెయ్యనన్నంత మాత్రాన దొంగ కాడు. బ్రిటిష్‌వాళ్ల కాలంలోనే ఈ సంగతి తెలుసు. 1873 నాటి ప్రమాణాల చట్టంలో ఒక ఏర్పాటు ఉండేది. "అవతలివాడు ఫలానా విధంగా ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతాను" అని ఒక పక్షం అంటే, చేస్తావా అని కోర్టు అవతలివాణ్ణి అడగొచ్చు. చేసి చెబితే ఆ విషయంలో అదే తిరుగులేని సాక్ష్యం. చెయ్యనంటే మాత్రం బలవంతం చెయ్యడానికి వీల్లేదు, ఎందుకు కాదన్నాడో రాసుకునేవాళ్లు, అంతే. 1969లో వచ్చిన కొత్త చట్టం ఆ ఏర్పాటునే తీసేసింది. ఇప్పుడు సాక్షి దేవుడి పేరున చెప్పొచ్చు, దేవుణ్ణి నమ్మకపోతే సత్యనిష్ఠతో చెబుతున్నానని అనొచ్చు. రెండింటికీ ఒకే విలువ. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది.
మంగళం గారూ, బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. మీరు దీన్ని ధర్మసందేహం చేశారు గానీ, ఇది ఆడిట్ సమస్య.

బెల్లం_మండీ:
ఏడేళ్ల శిక్ష పడినోణ్ణి ఒక్కణ్ణి చూపించు సామీ. కోర్టులో భగవద్గీత మీద చెయ్యి పెట్టి అబద్ధాలు చెప్పేవాళ్లను వందమందిని నేను చూపిస్తా.

లాపాయింటు:
భగవద్గీత మీద చెయ్యి పెట్టించడం సినిమాల్లో. మన కోర్టుల్లో అలా ఏ పుస్తకమూ ఇవ్వరు.

బెల్లం_మండీ:
నేను కళ్లారా చూసినా.

లాపాయింటు:
ఏ కోర్టులో, ఏ సంవత్సరం?

బెల్లం_మండీ:
సంవత్సరాలు రాసి పెట్టుకోవడానికి నేనేం ప్లీడరునా?

బోరింగు_నీళ్లు:
గీత గోల ఆపండి సార్, 41 వేల సంగతి చూడండి.

పాత_మాష్టారు:
ఇద్దరూ కాస్త ఆగండి నాయనా. కాణిపాకం పేరెత్తారు కాబట్టి అక్కడి ఏటి కథ గుర్తు చేస్తాను. గుడి పక్కన పారేది బాహుదా. శంఖలిఖితులు అన్నదమ్ములు. తమ్ముడు లిఖితుడు ఎవరిదో తోటలో మామిడిపండు కోసుకు తిన్నాడని రాజు చేతులు నరికించాడనీ, ఈ ఏట్లో మునగగానే చేతులు తిరిగి వచ్చాయనీ మనవైపు చెప్పుకుంటారు. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుదా. భారతం శాంతిపర్వంలో ఉన్నది ఇంకాస్త వేరు. ఆ పండ్లు అన్న ఆశ్రమంలోవే. అడక్కుండా తిన్నందుకు "రాజు దగ్గరికి పోయి చెప్పుకో" అన్నాడు అన్న. తమ్ముడు పోయాడు. సుద్యుమ్నుడనే ఆ రాజు, శిక్షించే అధికారం ఉన్నవాడికి క్షమించే అధికారమూ ఉంటుందని వదిలెయ్యబోయాడు. లిఖితుడే ఒప్పుకోలేదు, శిక్ష వెయ్యమని పట్టుబట్టాడు. తనంతట తను నడిచిపోయాడు, ఎవరూ బస్సెక్కించలేదు. ఆ తేడా మీరు చూడాలి.
ఇవి నేను బడిలో నేర్చుకున్నవి కావు. మా ఊళ్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేది. పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడి వేషగాడు తపసు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కితే పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద కూర్చునేవాళ్లు, ఆయన పైనుంచి విసిరే నిమ్మకాయ కొంగులో పడాలని. జూదం రోజు మాత్రం గొడవే. తనను తాను ఓడిపోయినవాడికి పెళ్లాన్ని ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది అడిగితే, భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని నసిగాడు. మా అవ్వ మరుసటి రోజు కూడా చాట చేతిలో పట్టుకుని ఆయన్ను తిడుతూనే ఉండేది, "ముసిలోడికి అన్నీ తెలుసు, ఆ పొద్దు నోరు పడిపాయ" అని. ఒప్పేదో తప్పేదో మేం విన్నది అక్కడ. జవాబు దొరికిందని చెప్పను.

తపసు_మాను:
మాష్టారూ, ఇప్పుడు మా ఊరి భారతానికి సగం జనం రికార్డింగ్ డాన్స్ కోసమే వస్తున్నారు.

సీటు_నంబర్_12:
నేనైతే ఫోన్‌లో ఏఐని అడుగుతాను. ఆఫీసుకు చెప్పకుండా పక్కన ఇంకో పని చెయ్యొచ్చా అని అడిగా. అటూ చెప్పింది, ఇటూ చెప్పింది, చివరికి "నిర్ణయం మీదే" అంది.

తపసు_మాను:
మా పెదనాన్న కూడా అచ్చం అంతే. కరెంటు ఖర్చు లేదు.

పీలేరు_పిల్ల:
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను. బెల్లం మండీ అన్న "తప్పు లేనోడైతే పోయేవాడు" అన్నారు కాబట్టి రాస్తున్నా.
నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అత్త కమ్మలు పోయాయి. ఆ రోజు ఇంట్లో ఉన్నది మా అమ్మ. పేరు పెట్టి అనలేదు, కానీ అందరూ అమ్మనే చూశారు. ఊరి గుడి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమన్నారు. అమ్మ ఏమీ మాట్లాడకుండా పోయి, చేత్తో ఆర్పి వచ్చింది. అరచేతిలో నల్లగా మసి. ఇంటికొచ్చి ఆ చేత్తోనే నాకు జడ వేసింది, నా రిబ్బనుకు మసి అంటింది.
ఇరవై రోజులకు మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. ఊరంతా ఏమన్నారో నేను రాయనక్కర్లేదు. మందులకు పోతే దారిలోనే అడిగారు, "ఇప్పుడైనా చెప్పేస్తే పిల్లోడు బతుకుతాడు కదే" అని. అమ్మ తన గాజులు అమ్మి కొత్త కమ్మలు కొని మా అత్తకిచ్చింది. తప్పు చేసిందని కాదు, ఆ మాటలు ఆగాలని. తమ్ముడు బతికాడు. మరుసటి సంవత్సరం వడ్ల బొట్ట అడుగున పాత కమ్మలు దొరికాయి. కొత్తవి వెనక్కి ఇచ్చారు. ఒక్కరు కూడా మాట చెప్పలేదు.
అన్నా, ట్రెజరర్ భార్య చెయ్యి ఎందుకు పట్టుకుందో మీకు తెలుసా?

బెల్లం_మండీ:
అమ్మా, మీ అమ్మకు జరిగింది అన్యాయమే. కానీ జ్వరానికీ ప్రమాణానికీ ముడిపెట్టింది ఊరోళ్లు, స్వామి కాదు. నేను చెప్పేది కాణిపాకం గురించి. కర్పూరం ఆర్పడం వేరు.

పీలేరు_పిల్ల:
మీ లారీ మనిషికి చెమట పట్టింది దేనికన్నా? రేపు పిల్లలకేదైనా అయితే ఏమంటారో అనే కదా. ఆ భయం ఊరోళ్లది కాదా?

బెల్లం_మండీ:
భయం లేకపోతే ఎవడు నిజం చెప్తాడమ్మా? సీసీ కెమెరా పెడితే మీకు నాగరికం, స్వామి చూస్తున్నాడంటే మూఢనమ్మకం. రెండూ చూసే కళ్లే. ఒకటి కరెంటు పోతే ఆగిపోతుంది.

లాపాయింటు:
కెమెరా రికార్డు చూసి నిర్దోషిని వదిలెయ్యొచ్చు. స్వామి రికార్డు మీరు చూపించలేరు. మళ్లీ మొదటికొస్తున్నా, నిరాకరణ ఒప్పుకోలు కాదు.

బెల్లం_మండీ:
మళ్లీ అదే పాట. సరే, నాకొకటి చెప్పండి. మంగళం రోడ్డు గారు ఇంత పెద్ద ప్రశ్న అడిగి రెండు రోజులుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మీటింగ్‌లో "కాణిపాకం" అన్నది ఎవరు సార్? "ఒకరు లేచి" అని రాశారు. ఆ ఒకరు ఎవరు?

బోరింగు_నీళ్లు:
అవును, నాకూ అదే డౌట్.

మంగళం_రోడ్డు:
నేనే.

బెల్లం_మండీ:
అనుకున్నా. మరి మమ్మల్ని ఎందుకు కొట్లాడుకోమన్నారు?

మంగళం_రోడ్డు:
దాయాలని కాదు. అంటే, దాచాను. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు మా ఇంటికి ఇడ్లీలు వచ్చింది ఆ ట్రెజరర్ గారి ఇంటి నుంచే. మా పాపకు టెన్త్ లెక్కలు ఆయనే చెప్పారు, పైసా తీసుకోలేదు. పార్కింగ్ విషయంలో పోయినేడాది నాకూ ఆయనకూ మాట పడింది. నా కారుకు రెండో చోటు ఇవ్వలేదు. ఆ రోజు "కాణిపాకం" అన్నప్పుడు నిజం తెలుసుకోవాలని అనలేదు. అందరి ముందు ఆయన తల దించుకోవాలని అన్నాను. ఆయన నిజంగానే లేచేసరికి నాకు కాళ్లు వణికాయి. పాప చూస్తోంది.

తపసు_మాను:
ఇది చర్చ కాదన్నా, మీరే ప్రమాణం చేస్తున్నట్టుంది.

బెల్లం_మండీ:
ఇంకేం. స్వామి పేరును పార్కింగ్ పగకు వాడుకున్నారు. నా మాటలు మీకు పనికొస్తాయని ఇన్ని రోజులు చదువుతా కూర్చున్నారా? నాకు కోపం మీ ట్రెజరర్ మీద కాదు ఇప్పుడు.

లాపాయింటు:
మండీ అన్నతో మొదటిసారి ఏకీభవిస్తున్నా. ఒక్క నిమిషమే.

గంగజాతర_వేషం:
తిరుపతి వాళ్లే కదా అందరూ, ఒకటి చెప్పి పోతా. జాతరలో గంగమ్మ దొర వేషంలో పాలెగాణ్ణి చంపుతుంది. ఆడవాళ్లను చెరిచిన దుర్మార్గుడు, వాడికి అది దక్కాల్సిందే. ఆ తర్వాత మాతంగి వేషం కట్టి పోయేది ఎక్కడికి? వాడి పెళ్లాం దగ్గరికి, ఓదార్చడానికి. చిన్నప్పుడు రెండేళ్లు వేషం కట్టినా నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, పెద్దయ్యాక తెలిసింది. మంగళం అన్నా, ఆదివారం తర్వాత ఆ ట్రెజరర్ భార్యను మీ బిల్డింగ్‌లో ఎవరైనా పలకరించారా?

మంగళం_రోడ్డు:
లేదు. లిఫ్ట్‌లో కలిసింది. నేను ఫోన్ చూసుకున్నాను.

పాత_మాష్టారు:
పోయి తలుపు కొట్టండి నాయనా. ఇంకేమీ వద్దు.

మంగళం_రోడ్డు:
చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఈ ఉదయం ఆయన 41 వేలు అసోసియేషన్ ఖాతాకు వేశారు. గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టారు, మాట ఏమీ రాయలేదు. కింద ఇద్దరు నమస్కారం బొమ్మ పెట్టారు. ఒకరు "ముందే ఇచ్చుంటే పోయేది" అని రాశారు.

బెల్లం_మండీ:
ఇచ్చినాడంటే తిన్నట్టే కదా.

పీలేరు_పిల్ల:
అన్నా, కొత్త కమ్మలు.

బెల్లం_మండీ:
...సరేమ్మా.

మంగళం_రోడ్డు:
మధ్యాహ్నం బోరు మెకానిక్‌కు ఫోన్ చేశాను. ఇది ఆదివారానికి ముందే చెయ్యాల్సిన పని. "అవును సార్, ఆ పెద్దాయన 18 వేలు చేతికిచ్చినాడు, బిల్లు అడిగినాడు, పుస్తకం అయిపోయిందని నేనే ఇయ్యలేదు" అన్నాడు. లిఫ్ట్ అతను ఫోన్ ఎత్తడం లేదు. మిగతా 23 వేల సంగతి తెలియదు.

లాపాయింటు:
మెకానిక్ దగ్గర ఇప్పుడైనా రాయించుకుని సంతకం తీసుకోండి, తేదీతో సహా.

బోరింగు_నీళ్లు:
ఆ 18 వేల సంగతి మీ గ్రూపులో పెట్టారా సార్?

మంగళం_రోడ్డు:
రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను. మెకానిక్ మాట రాస్తే, కాణిపాకం అన్నది ఎవరో కూడా రాయాలి కదా, అది అందరికీ తెలుసు, అయినా. పాప పక్కనే కూర్చుని చదువుకుంటోంది. వాళ్లింట్లో లైటు వెలుగుతోంది. ముందు కిందికి దిగి వస్తాను.